సుంకమ్మక్క కొలిచిన చీలమండలు

సుంకమ్మక్క పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది ఎల్లమ్మ. ఆదోనిలో మేము పనిచేసిన ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిని ఇప్పటికీ ఊడ్చి తుడిచేది ఆమే. ఆ ఉదయం నేను ఎమ్మిగనూరులో, ఇప్పుడు పనిచేస్తున్న స్కానింగ్ సెంటర్లో, ఎవరో పేషెంటు తెచ్చిన పాత కవరు విప్పుతున్నాను. ఈ రోజుల్లో ఫిల్ములను మందునీళ్ళలో కడిగే పని లేదు, అంతా కంప్యూటరే. ఆ కవరులోది మాత్రం పాతకాలపు ఫిల్ము. బయటికి లాగగానే మందు వాసన గుప్పుమంది. పులిసిన మజ్జిగకూ తడిసిన ఇనుముకూ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. సుంకమ్మక్క ఏ చీర కట్టుకున్నా కొంగుకు అదే ఉండేది. నేను దాన్ని పీలుస్తూ నిలబడి ఉండగానే ఫోను మోగింది.

"పారూ, మేడం పోయిందంటమ్మా. పెద్దకడుబూరులోనే, వాళ్ళ తమ్మునింట్లో," అంది ఎల్లమ్మ. "ఇంగెవురో సెప్పేలోపల నేనే సెప్పాలనుకున్యా," అంది.

ఎల్లమ్మకు ఆ మంచితనం ఎప్పుడూ ఉంది. గోడమీది నీలకంఠేశ్వరుని పటానికి చేతులు జోడించి, ముందు ఆ తల్లిని నాకు చూపించినందుకు దండం పెట్టుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. మధ్యాహ్నం పెద్దకడుబూరు పోయి ఆఖరి చూపు చూసుకుని వచ్చాను. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆమె ఆదోనిలో "ఫోటోలు తీసే" ఉద్యోగం చేసిందని మాత్రమే తెలుసు. ఆమె చేసిన పని ఏమిటో, అందులో నా పాలు ఏమిటో చెప్పవలసినది నేనేనని ఆ చాప మీద కూర్చున్నప్పుడే అనిపించింది.

నాకు బడి చదువు లేదు. ఆరేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి, గుండెకు మంచిది కాదు, పిల్లను అలిసిపోనివ్వకండి అని డాక్టరు చెప్పినందుకు మా నాయన నన్ను గడప దాటనివ్వలేదు. మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. నాయన భజన పుస్తకాలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు, దారం పోగులు లెక్కపెట్టించి ఎక్కాలు నేర్పాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి గళ్ళ కాగితం మీద చీర అంచులకు డిజైన్లు గీయడం చేతికొచ్చింది. ఒక గడి తప్పితే మగ్గం మీద పువ్వు వంకరపోతుంది, అందుకని చెయ్యి వణకకుండా గీయడం మా ఇంట్లో అన్నం తినడం లాంటి విషయం. నాయన పోయాక మగ్గం అన్న వీరేశన్న చేతికొచ్చింది. ఆ మగ్గం మీదే అమ్మ, నేను, వదిన, ఇద్దరు పిల్లలు బతికాం.

వీరేశన్న ఒకరోజు మగ్గం గుంటలోంచి పైకి వస్తూ అంచు మీద కాలు జారి, కుడి పాదం లోపలికి మడుచుకుని పడ్డాడు. బెణికిందనుకున్నాం. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. గుంటలో కూర్చుని తొక్కుడు కర్రలను ఒకటి మార్చి ఒకటి నొక్కాలి కదా, నొక్కిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టేవాడు. అట్లా ఎనిమిది నెలలు నేశాడు. ఆఖరికి రోజుకు రెండు గంటలు కూడా కూర్చోలేకపోయినప్పుడు ఆదోనికి తీసుకుపోయాం.

అక్కడ బల్ల మీద మా వంతు కోసం ఎదురుచూస్తూ నేను గళ్ళ కాగితం తీసి, ఇయ్యవలసిన అంచు ఒకటి గీసుకుంటున్నాను. ఎక్స్‌రే గదిలోంచి యాభై దాటిన ఒకామె వచ్చి పేరు పిలవబోయి, నా కాగితం చూసి ఆగిపోయింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగి చూసింది.

"గీత యాడా వణకలేదే. ఎవురు నేర్పినారు పాపా?"

మా నాయన అన్నాను. ఆమె తన కుడి చెయ్యి చాపి చూపించింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "నాకు కండ్లు ఉండాయి, సెయ్యి పోయింది. నీకు సెయ్యి ఉండాది. రేపు పొద్దున్నుంచి ఈడ కూర్చుంటావా?" అని అడిగింది. నేను అన్న వైపు చూశాను. అన్న నవ్వి, "నా కాలు సూడమని వస్తే నా చెల్లెలి సెయ్యి సూస్తాండావే అక్కా," అన్నాడు. "నీ కాలు కూడా సూస్తాలే. యాడికీ పోదు అది," అంది సుంకమ్మక్క. మర్నాటి నుంచి నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయి రావడం మొదలుపెట్టాను.

ఆ పని ఏమిటో చెప్తాను. చీలమండ లోపల, కాలి ఎముకల కింద ఒదిగి కూర్చునే ఎముక ఒకటుంది. దాని పైభాగం చిన్న గోపురంలా వంపు తిరిగి ఉంటుంది. ఆ గోపురం మీద పలుచగా, నున్నగా ఒక పొర ఉంటుంది. పుస్తకాల్లో మృదులాస్థి అంటారు, ఆసుపత్రిలో అందరూ కార్టిలేజ్ అనే అంటారు. పాదం నొప్పి లేకుండా ఆడేది దాని వల్లే. అది ఒకచోట చితికితే తనంతట తాను సరిగా పెరగదు. అప్పుడు మా డాక్టరు గారు మోకాలి అంచున బరువు పడని చోటు నుంచి, పొరతో సహా చిన్న ఎముక ముక్కను బిరడాలా తీసి, చీలమండలో చితికిన చోట పొదిగేవారు. ఆ ముక్క వంపు ఆ గోపురం వంపుతో కలవాలి. ముక్క పైకి పొడుచుకు వచ్చినా లోపలికి దిగినా నొప్పి మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్స్‌రేలో ఆ పొర కనిపించదు, ఎముకే కనిపిస్తుంది. కాబట్టి ఆ ఎముక ఆకారాన్ని ముందే కొలిచి, మోకాలిలో ఏ చోటి వంపు దానికి సరిపోతుందో ఎంచుకోవాలి. ఆ కొలత పని డాక్టరు గారు సుంకమ్మక్కకు అప్పగించారు.

ఆమె ఫిల్ము తీసేటప్పుడు చీలమండ పక్కన ఒక సైకిల్ బేరింగు గుండును ప్లాస్టరుతో అంటించేది. గుండు అసలు కొలత తెలుసు కాబట్టి, ఫిల్ములో అది ఎంత పెద్దగా పడిందో చూస్తే ఎముక కూడా ఎంత పెద్దగా పడిందో లెక్క తెలుస్తుంది. తర్వాత లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి, దాని మీద పలుచటి కాగితం పరిచి గోపురం అంచును గీయాలి. మిల్లీమీటరు చొప్పున పెద్దవవుతూ పోయే వలయాలు గీసిన పారదర్శక రేకు ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్ని జరుపుతూ ఏ వలయం ఆ గీతకు అతుకుతుందో చూడాలి. ఒక్కో కాలును మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు గీసి కొలవాలి. ముందు రోజు అంకె కనబడకుండా దాని మీద కాగితం ముక్క అంటించాలి. "నిన్న ఏం సూసినావో ఈరోజు కండ్లు అదే సూస్తామంటాయి. వాటిని నమ్మొద్దు," అనేది. మూడూ అయ్యాక నోటుబుక్కులో రాసి, కింద సంతకం ఆమె పెట్టేది.

నేను చేరిన మూడో నెలలో వీరేశన్న ఆపరేషన్ ఖాయమైంది. కర్నూలులో తీసిన స్కానులో గోపురం వెనక భాగంలో, లోపలి వైపు పొర చితికి ఉందని తేలింది. ఇంతకు ముందు ఆరు కాళ్ళు గీసిన చేత్తోనే అన్న కాలూ గీశాను. మూడుసార్లు కొలిచాను. శుక్రవారం పొద్దున డాక్టరు గారు కర్నూలు పోతారు, శనివారం అక్కడ ఆపరేషన్. గురువారం ఉదయం నేను నోటుబుక్కు సుంకమ్మక్క ముందు పెట్టాను. ఆమె మూడు అంకెల మీది కాగితం ముక్కలు ఒకటొకటిగా ఊడదీసింది.

"మూడూ ఒకటే వచ్చినాయే," అంది.

అవునక్కా అన్నాను. నాకు లోపల గర్వంగానే ఉంది.

"మూడుసార్లు అన్నం వండితే మూడుసార్లూ ఒకే మాదిరి వస్తాదా నీకు?" అంటూ నా గీతల కాగితాన్ని లైటు పెట్టె మీదికి ఎత్తింది. వెలుతురులో నడిమికి నిలువుగా ఒక సన్నటి గీర కనిపించింది. నేను గీసింది కాదది. మడత.

"ఈ మడత ఏంది పాపా?"

దాచవలసినదని నాకు తోచనే లేదు. పక్క నుంచి తీసిన ఫిల్ములో గోపురం ముందు సగం తేటగా ఉంటుంది, వెనక సగం మీద వేరే ఎముకల నీడ పడి గీత మసకబారుతుంది. అందుకని ముందు సగం గీసి, కాగితాన్ని నడిమికి మడిచి, అదే గీతను వెనక సగానికి ఎక్కించానని చెప్పాను. మా ఇళ్ళల్లో అంచు డిజైను ఎవరూ మొత్తం గీయరు. సగం గీసి మడత పెట్టి రెండో సగానికి ఎక్కిస్తారు. రెండు వైపులా ఒకటిగా రావడమే మాకు అందం, అదే మాకు సరి. ఎముక కూడా అంతేననుకున్నాను.

సుంకమ్మక్క నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"దేవుడు మడత పెట్టి సెయ్యలేదు లేమ్మా ఎముకను," అంది. "మీ యన్నకు దెబ్బ తగిలింది యాడ? వెనక. నువ్వు సూడకుండా గీసింది యాడ? ఆ వెనకనే."

అప్పుడు తెలిసింది. నా గీత నమ్మి డాక్టరు గారు మోకాలి నుంచి ముక్క తీస్తే, లేని వంపుకు ఆ ముక్క పొదుగుతారు. అన్న మళ్ళీ తొక్కుడు కర్ర నొక్కలేడు. మోకాలు కూడా దండగగా కోసినట్టవుతుంది.

"ఎన్నింటికి ఇట్లా సేసినావు?"

ఏడింటికీ అన్నాను. ఆమె నోటుబుక్కు వెనక్కి తిప్పి చూసింది. మొదటి ఆరింటికీ కింద సంతకం ఆమెదే. ఆ ఏడుగురిలో ఆపరేషన్ ఎవరికీ కాలేదు. అన్నదే మొదటిది. "ఆ స్వామి కండ్లు తెరుసుకునే ఉండాడు," అని లేచి, "రా," అని డాక్టరు గారి గదికి నడిచింది. నేను గుమ్మం బయట ఆగిపోయాను.

ఏడు కొలతలు తప్పు పోయాయని, అన్నీ మళ్ళీ తీయాలని, శనివారం కేసుకు ఈరోజే కొత్త ఫిల్ము తీస్తానని ఆమె చెప్పింది. డాక్టరు గారు మంచివారే, కానీ ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆ మాట వినడం ఎవరికైనా కష్టమే. ఎవరు చేశారని అడిగారు.

"సంతకం నాది సార్," అంది సుంకమ్మక్క.

నేను లోపలికి అడుగు వెయ్యబోయాను. ఆమె వెనక్కి తిరగకుండానే, వీపు వెనక చెయ్యి ఆడించి నన్ను ఆపింది. డాక్టరు గారు ఆ తర్వాత అన్న మాటలు రాయను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి అనిపించుకోవలసిన మాటలు కావు. ఆమె తల దించుకోలేదు, ఎదురూ చెప్పలేదు. నేనూ నోరు తెరవలేదు. తెరిస్తే అన్న ఆపరేషన్ ఆగిపోతుందేమోనని భయపడ్డాను. ఆ భయం నిజమే. అయినా నేను మాట్లాడలేదన్నది కూడా నిజమే.

బయటికొచ్చాక, నేనని ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను. "సెప్తే నిన్ను పంపిస్తాడు. ఈ తప్పు ఎట్లుంటాదో లోపల నుంచి తెలిసిన మనిషి మళ్ళీ నాకు యాడ దొరుకుతాది?" అంది. "ఏడుపు ఆపి మీ యన్నకు ఫోన్ సెయ్యి. పన్నెండు గంటల బస్సుకు రావాల."

అన్న వచ్చాడు. నేను అతని ముఖం చూడలేకపోయాను. మసక పోవాలంటే గోపురానికి ఉన్న లోపలి గట్టు, బయటి గట్టు ఫిల్ములో ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. అందుకు పాదాన్ని వెంట్రుకవాసి తిప్పాలి. సుంకమ్మక్క నేల మీద మోకాళ్ళూని, ఇసుక సంచి జరుపుతూ, మడమ కింద గుడ్డ మడతలు ఒకటి పెట్టి ఒకటి తీస్తూ, అరగంట ఆ పాదాన్ని సరిచేసింది. అన్నకు నొప్పి. అయినా మాటలు మానలేదు.

"అక్కా, దేవరగట్టు మీద దేవునికి కూడా ఇంత సేపు అలంకారం సెయ్యరు," అన్నాడు.

"దేవుడు కదలడు లేప్పా. నువ్వు కదుల్తాండావు," అంది ఆమె.

ఊరికే కిరణాలు పడకూడదని రెండే ఫిల్ములు తీసింది. మొదటిది పనికిరాలేదు. రెండోదానిలో రెండు గట్లూ ఒక గీతగా కలిశాయి. నేను మడత పెట్టకుండా గీశాను. వెనక వంపు ముందుదానికంటే ఎక్కువగా వంగి ఉంది. లైటు పెట్టె ముందు కూర్చుని గంటకొకసారి, మూడుసార్లు, కొత్త కాగితం మీద గీశాను. మూడు రోజుల పనికి ఒక్క పూటే ఉందని ఆమె నాకు మధ్యలో వేరే పని పెట్టింది. ఫిల్ము కవర్లు సర్దించింది, ఎల్లమ్మతో కలిసి బకెట్లు తోమించింది. కళ్ళు మరిచిపోవాలని. మూడు అంకెలూ కొద్దికొద్దిగా తేడా వచ్చాయి. వాటిని చూసి సుంకమ్మక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది. సాయంత్రం ఐదుకు కాగితం డాక్టరు గారి చేతిలో పెట్టింది. ఆయన మోకాలిలో ముందు అనుకున్న చోటు మార్చుకున్నారు.

ఆపరేషన్ శనివారమే జరిగింది. ఆరు వారాలు అన్న ఆ పాదం నేలకు ఆనించలేదు. వదిన కూలికి నూలు కండెలు చుట్టింది, నేను బస్సులో కూర్చుని కూడా డిజైన్లు గీశాను. నాలుగో నెలలో తీసిన ఫిల్మును సుంకమ్మక్క తానే కొలిచి, పొదిగిన ముక్క ముందు అంచు ఒక వెంట్రుక మందం ఎత్తుగా ఉందని చెప్పింది. అది కూడా నోటుబుక్కులో రాసింది. అంతా బాగైందని సంతోషపడుతున్నాం కదా, అదెందుకు అన్నాను. వచ్చేవాని కాలుకు పనికొస్తుంది అంది.

మగ్గం మళ్ళీ ఆడిన తర్వాత ఒక ఆదివారం ఆమె ఎమ్మిగనూరు వచ్చింది. టీ ముందు పెట్టినా తాగకుండా, మగ్గం గుంట అంచున కూర్చుని అన్న పాదాన్నే చూసింది. కర్ర కిందికి పోయినప్పుడు ఆమె పెదవులు కదిలేవి, లెక్కపెడుతున్నట్టు. నొప్పి ఉందా అని అడిగింది. సాయంత్రానికి కొంచెం ఉంటుందన్నాడు. గంటకొకసారి లేచి నడవాలని గట్టిగా చెప్పింది. అమ్మ చీర పెడితే తీసుకుంది. తీసుకుని, "ఇది మీ కూతురికి ఇయ్యాల్సింది," అంది. అమ్మకు అర్థం కాలేదు. మడత సంగతి ఇంట్లో ఎవరికీ నేను చెప్పలేదు.

తర్వాత ఆమె నన్ను ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాయించింది. టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది. నాలాగా ఇంట్లో అక్షరాలు నేర్చుకున్న మనిషికి అవి చిన్న సంగతులు కావు. రిటైరైన రోజు తన నోటుబుక్కు నా చేతిలో పెట్టి పెద్దకడుబూరు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి ఆ పేజీ తెరిచాను. మేము తిరిగి గీసిన ఏడు కాళ్ళ ఎదురుగా ఎర్ర ఇంకుతో, వణికే అక్షరాలతో ఇలా ఉంది: "వెనక సగం చూడకుండా కొలిచినాను. తప్పు నాది. సుంకమ్మ."

ఆ నోటుబుక్కు ఇప్పుడు మా సెంటర్లో ఉంది. కంప్యూటరు వలయాన్ని తనే గీసి చూపిస్తున్నా, నేను మూడుసార్లు కొలుస్తాను, ముందటి అంకె మూసి పెడతాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు మొదటి వారం ఆ నోటుబుక్కు చదవమని ఇస్తాను. మొన్నీమధ్య ఒకమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగి, "ఈ సుంకమ్మ ఎవరు మేడం, ఏడు కాళ్ళు తప్పు కొలిచిందంట?" అని నవ్వింది. తర్వాత చెప్తానులే అన్నాను. అదే మాట డాక్టరు గారి గుమ్మం దగ్గర అనుకున్నాను, రిటైరైన రోజు అనుకున్నాను. తర్వాత చెప్దామనుకుంటుండగానే ఎల్లమ్మ ఫోన్ వచ్చింది. పెద్దకడుబూరు నుంచి వచ్చిన మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఎర్ర అక్షరాల కింద నీలం ఇంకుతో, "మడత పెట్టింది నేను. పార్వతి" అని రాశాను. వీరేశన్నకు కూడా చెప్పాను. మగ్గం ఆపి విన్నాడు. "ఆమెకు నేను సరిగా దండమన్నా పెట్టలేదే," అన్నాడు, అంతే.

ఆ నోటుబుక్కు చదివేవాళ్ళు కొద్దిమంది. ఇది చదివేవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటారని నమ్మి రాస్తున్నాను. నా పేరు మీకు గుర్తుండనక్కర్లేదు. పెద్దకడుబూరు సుంకమ్మ అని ఒక మనిషి ఉండేది, ఆమె ఏ కాలూ తప్పు కొలవలేదు. దయచేసి ఆమెను అలాగే గుర్తు పెట్టుకోండి.